ఒక బాట, ముగ్గురు బాటసారులు

ఇంగ్లండు దేశపు పల్లెసీమలయందు పూర్వకాలపు ప్రభువుల ఎస్టేటులు అనేకములు కలవు. నడుమ ఒక పెద్ద భవనము, దాని చుట్టును పచ్చికబయళ్లు, ఆ వెనుక అడవి, పొలములు, కౌలుదారుల ఇండ్లు. ఇవన్నియు కలసి వేల ఎకరములుగా వ్యాపించియుండును. ఆ నేలకు యజమాని ఒక్కడే. కాని ఆ నేలమీదుగా పోవు బాట ప్రక్కన ఒక ఆదివారమునాడు నిలిచి చూచినచో మూడు తెగల జనులు కనబడుదురు. కుక్కను వెంటబెట్టుకొని మెల్లగా నడచు వృద్ధ దంపతులు ఒకరు. సైకిళ్లపై వచ్చు పడుచువారు మరియొకరు. గుఱ్ఱమునెక్కి వచ్చు రౌతులు ఇంకొకరు. వీరిలో ఎవ్వరును ఆ నేలకు శిస్తు కట్టువారు కారు. యజమానిని అనుమతి అడిగి వచ్చినవారును కారు. ఐనను వారిని పొమ్మను అధికారము ఎవ్వరికిని లేదు.

ఇది ఎట్లు పొసగినది? పరుల నేలపై పదిమందికి దారి ఎట్లు కలిగినది? కాలికిని, చక్రమునకును, గిట్టకును వేగము వేరు, బరువు వేరు, భయము వేరు. ఆ మూడును ఒకే బాటపై ఎట్లు ఇముడుచున్నవి? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగమునందు మా ఉద్దేశము.

ఉదాహరణమునకు ఒక్క ఎస్టేటును తీసికొందము. లండను నగరమునకు వాయవ్యదిశగా సుమారు 30 మైళ్ల దూరమున, చిల్టర్న్ కొండలలో, ఆష్‌రిడ్జ్ అను ఎస్టేటు కలదు. దాని విస్తీర్ణము దాదాపు 5,000 ఎకరములు. బీచ్ వృక్షముల అడవులు, సుద్దనేల గుట్టలు, జింకల మందలు అక్కడి సంపద. వసంతకాలమున అడవినేల అంతయు బ్లూబెల్ అను చిన్న పూలతో నీలి తివాసి పరచినట్లుండును. పదమూడవ శతాబ్దమున అక్కడ ఒక మఠముండెను. తరువాత అది రాజవంశమువారి చేతికి వచ్చెను. పిమ్మట బ్రిడ్జ్‌వాటర్ ప్రభువులది అయ్యెను. ఆ ప్రభువులలో మూడవ డ్యూకు తన గనులలోని బొగ్గును మాంచెస్టరు నగరమునకు చేర్చుటకై కాలువ త్రవ్వించి, 1761లో దానిని తెరిపించి పేరొందినవాడు. ఆయన స్మారకముగా 1832లో కట్టిన 108 అడుగుల స్తంభము నేటికిని ఆ అడవి నడుమ నిలిచియున్నది. బాటసారులలో పెక్కుమంది తమ ప్రయాణమును ఆ స్తంభము కడనే మొదలు పెట్టుదురు.

ఆ అడవి అంచుననే బెర్కమ్‌స్టెడ్ అను ఊరివారి మందబయలు కలదు. పశువులను మేపుకొనుటకును, వంటచెఱకు తెచ్చుకొనుటకును ఊరివారు తరతరములుగా అనుభవించుచుండిన నేల అది. 1866వ సంవత్సరమున, ఆనాటి ఆష్‌రిడ్జ్ ప్రభువు లార్డ్ బ్రౌన్‌లో, ఆ మందబయలులో 400 ఎకరములకు పైగా భూమిని అయిదడుగుల ఇనుపకంచెతో చుట్టించెను. ఊరివారిలో ఆయనను ఎదిరించు స్థోమత గలవారు కొద్దిమందియే. అప్పుడు అగస్టస్ స్మిత్ అను భూస్వామి ముందునకు వచ్చెను. అంతకు ముందటి ఏట లండనులో స్థాపింపబడిన మందబయళ్ల రక్షణ సంఘము ఆయనకు అండగా నిలిచెను. మార్చి 6వ తేదీ రాత్రి లండను నుండి సుమారు 120 మంది కూలీలు ప్రత్యేకమైన రైలులో వచ్చి, తెల్లవారులోగా ఆ కంచెనంతయు పెరికి ప్రక్కన పోగులు పెట్టిరి. మరునాడు ఊరివారు బండ్లలోను, కాలినడకను తరలివచ్చి, ఆ నేలమీద తిరిగి చూచుకొని, హక్కునకు గుర్తుగా ఒక్కొక్క ముళ్లపొద కొమ్మను త్రుంచుకొని ఇండ్లకు మరలిరి.

ఆ రాత్రి పని అంతటితో ముగియలేదు. వ్యాజ్యము నడచెను. 1870లో న్యాయస్థానము ఊరివారి హక్కునే నిలిపెను. సంఘము పక్షమున ఆ వ్యాజ్యమును నడిపిన న్యాయవాది రాబర్ట్ హంటర్. ఈయనయే 1895లో మరి ఇరువురితో కలసి నేషనల్ ట్రస్టు అను సంస్థను స్థాపించెను. అందమైన ప్రదేశములను, చారిత్రక స్థలములను ప్రజలందరి కొరకు శాశ్వతముగా కాపాడుట ఆ సంస్థ ధర్మము. 1921లో బ్రౌన్‌లో వంశపు ప్రభువు మరణింపగా ఎస్టేటు అమ్మకమునకు వచ్చెను. 1926 మొదలుకొని అందలి అడవులు, గుట్టలు క్రమముగా ఆ ట్రస్టు చేతికే వచ్చినవి. ఏ నేలను కంచె వేసి మూయజూచిరో, ఆ నేల ప్రక్కననే నేడు ముగ్గురు బాటసారులు కలసి పోవుచున్నారు.

ఇక న్యాయశాస్త్రము మాట. ఇంగ్లండు, వేల్సు దేశములలో నేల యజమానిది. దానిమీదుగా పోవు హక్కు ప్రజలది. ఈ రెండును వేరువేరు వస్తువులు. మన గోదావరి జిల్లాలలో పుంత అనియు, కృష్ణా గుంటూరు ప్రాంతములలో డొంక అనియు పిలుచుకొను దారులు మీకు తెలిసినవే. రైతు చేల నడుమ పోవుచున్నను అవి ఏ ఒక్క రైతు సొత్తును కావు. మన పుంత క్రింది నేల సాధారణముగా సర్కారుది. అక్కడ బాట క్రింది నేల సైతము సాధారణముగా ఎస్టేటు యజమానిదే. పోవు హక్కు మాత్రమే జనులది. భేదము ఇంతియే.

ఆ బాటలు ముఖ్యముగా మూడు తరగతులు. మొదటిది కాలిబాట. దానిపై నడచుటకు మాత్రమే హక్కు కలదు. రెండవది బ్రైడిల్‌వే. బ్రైడిల్ అనగా కళ్లెము. కనుక దీనిని కళ్లెపుబాట యనవచ్చును. దీనిపై నడచువారును, గుఱ్ఱమునెక్కినవారును, గుఱ్ఱమును నడిపించుకొని పోవువారును, సైకిలువారును పోవచ్చును. మూడవది బండ్లకు సైతము హక్కు గల బాట. అందును కొన్నింటిపై మోటారు బండ్లకు అనుమతి లేదు, కొన్నింటిపై కలదు. దారి చూపు గుంజలపై బాణపు గుర్తులుండును. పసుపు బాణము కాలిబాటకు, నీలి బాణము కళ్లెపుబాటకు, ఊదా బాణము మోటారు రాని బండిబాటకు, ఎఱ్ఱ బాణము అన్ని వాహనములకును తెరచిన బాటకు గుర్తు. కాబట్టి సైకిలెక్కిన బాలుడు చదువు రానివాడైనను, పసుపు గుంజకడ ఆగి, నీలి గుంజ వెంట సాగిపోవచ్చును.

ఈ హక్కు పుట్టు విధము గమనింపదగినది. ప్రజలు ఒక దారిని బలాత్కారము లేకయు, చాటుమాటు లేకయు, అనుమతి పొందకయు 20 సంవత్సరములు ఎడతెగక వాడినచో, యజమాని దానిని ప్రజలకు విడిచినట్లే చట్టము భావించును. 1932 నాటి చట్టమున ఈ నియమము చేరెను. 1980 నాటి రహదారుల చట్టమున నేటికిని అమలులో ఉన్నది. యజమానికి ఇష్టము లేనిచో ఆ సంగతిని బహిరంగముగా ప్రకటింపవలెను. ఒకసారి హక్కు ఏర్పడినపిమ్మట మాత్రము జనులు నడువనంతమాత్రమున అది పోదు. 1949లో పార్లమెంటు జాతీయోద్యానవనముల చట్టమును చేసి, ప్రతి కౌంటీ సభయు తన యెల్లలలోని ఇట్టి బాటలన్నింటిని పటములకెక్కింపవలెనని ఆజ్ఞాపించెను. ఆ పటములలో ఎక్కిన బాట ఉన్నదా లేదా యను వాదమునకు తావు లేదు. ప్రయాణికులు కొనుక్కొను ప్రభుత్వ సర్వే పటములలో, 25,000వ వంతు కొలతలో, ఈ బాటలు పచ్చని గీతలుగా కనబడును. పొట్టి గీతలు కాలిబాటకు, పొడుగు గీతలు కళ్లెపుబాటకు.

ఈ మువ్వురిలో సైకిలువాడు వెనుక వచ్చినవాడు. కళ్లెపుబాటలు ఏర్పడిననాటికి సైకిలు పుట్టనేలేదు. 1888 నాటి ఒక చట్టము సైకిలును బండిగా పరిగణించెను. దానివలన సైకిలువానికి రాజమార్గమున స్థానము లభించెను. కాని బండికి కళ్లెపుబాటపై హక్కు లేదు గనుక ఆ బాట అతనికి మూతబడెను. ఎనుబది సంవత్సరములు ఇట్లే గడచెను. 1968 నాటి పల్లెసీమల చట్టము అతనికి కళ్లెపుబాటను తెరచెను. ఐతే, తెరచుచు ఒక షరతు విధించెను. సైకిలువాడు నడచువారికిని, గుఱ్ఱముపై పోవువారికిని దారి విడువవలెను. అంతియే కాదు, సైకిళ్ల సౌకర్యము కొరకు ఆ బాటను చదును చేయవలసిన బాధ్యత ఎవ్వరికిని లేదని కూడ ఆ చట్టమే చెప్పెను. ఉన్న బాటను ఉన్నట్లు వాడుకొనుము, నీకంటె మెల్లగా పోవువానికి ముందు దారి ఇమ్ము అని దాని తాత్పర్యము.

ఈ షరతు ఒకరిని తక్కువ చేయుటకు పెట్టినది కాదు. దీనికి ప్రకృతిసిద్ధమైన కారణము కలదు. గుఱ్ఱము వేటాడు జంతువు కాదు, వేటకు గురియగు జంతువు. అపాయము తోచినప్పుడు నిలిచి పోరాడుటకంటె పరుగెత్తి తప్పించుకొనుట దాని స్వభావము. దాని కన్నులు తల ప్రక్కలయందుండును. కావున తన చుట్టును ఇంచుమించు 350 డిగ్రీల మేర అది చూడగలదు. కాని తోక వెనుకను, నుదుటికి ఎదుట అతిసమీపమునను దానికి చూపు ఆనదు. రబ్బరు టైర్ల సైకిలు చప్పుడు లేకుండ వెనుకనుండి వేగముగా వచ్చును. అది ఆ చూపు ఆనని చోటునుండి హఠాత్తుగా ప్రక్కకు వచ్చినచో, పులి మీదికి దూకినట్లే గుఱ్ఱమునకు తోచును. సుమారు 500 కిలోల బరువు గల ప్రాణి బెదరి ప్రక్కకు గంతువేసినచో, మొదట పడునది రౌతు. తరువాత దెబ్బ తినునది సైకిలువాడో, ఆ చెంత నడచు పసిబిడ్డయో. ఒక్క క్షణపు తొందర ఎన్ని ప్రాణములకు చేటు తెచ్చునో దీనినిబట్టి ఊహింపవచ్చును.

దీనికి నివారణము మిక్కిలి సులభము. వెనుకనుండి వచ్చు సైకిలువాడు దూరముననే వేగము తగ్గించి, నోటితో పలుకరింపవలెను. "నమస్కారమండీ, వెనుక వచ్చుచున్నాను" అనునంతమాట చాలును. గంట మ్రోగించుట మనుష్యులకు సరిపోవును గాని, బెదరు స్వభావము గల గుఱ్ఱమునకు మనుష్యుని కంఠమే పరిచితము. ఆ మాట వినగానే గుఱ్ఱము చెవులు వెనుకకు త్రిప్పును. రౌతు తల త్రిప్పి చూచును. ఆయన చేయి ఊపిన పిమ్మట, వీలైనంత ఎడముగా, మెల్లగా దాటిపోవలెను. ఎదురుగా వచ్చునప్పుడు ఒక ప్రక్కకు తొలగి ఆగుట మేలు. పొదల చాటున దాగికొనుట మాత్రము తగదు. సగము కనబడి సగము కనబడని ఆకారము గుఱ్ఱమును మరింత కలవరపెట్టును. గుంపుగా వచ్చు సైకిలువారు అందరును ఒకే ప్రక్కన నిలువవలెను. ఇరువైపుల నిలిచినచో గుఱ్ఱము నడుమ చిక్కుకొన్నట్లు భావించును.

బ్యాటరీ సైకిళ్లు వచ్చిన తరువాత ఈ జాగ్రత్త మరింత అవసరమైనది. అక్కడి నిబంధనల ప్రకారము 250 వాట్లకు మించని మోటారుతో, గంటకు 15.5 మైళ్ల వేగము వరకే సాయపడుచు, పెడలు త్రొక్కినప్పుడు పనిచేయు సైకిలును సామాన్యపు సైకిలుగానే ఎంచుదురు. దానికిని కళ్లెపుబాటపై హక్కు కలదు. కాని ఎత్తుపై కూడ అది ఆయాసము లేకుండ ఎక్కివచ్చును. పూర్వము గుట్ట ఎక్కువాని రొప్పుటయే ముందున్నవారికి హెచ్చరికగా నుండెడిది. ఇప్పుడు ఆ హెచ్చరికయు లేదు. కావున నోటిమాట తప్పనిసరి.

నడచువారికి హక్కు ముందుగా ఉన్నదని వారికి బాధ్యత లేకపోలేదు. బాట అంతయు నిండునట్లు పదిమంది వరుసగా నడచుట, చెవులలో సంగీతపు గొట్టములు పెట్టుకొని లోకమును మరచుట, కుక్కను గుఱ్ఱపు కాళ్లలోనికి విడుచుట మర్యాద కాదు. కుక్కల విషయమున చట్టము కూడ కొంత పలికినది. 2000 నాటి చట్టముచే ప్రజలకు తెరచిన బీళ్లలో, మార్చి 1వ తేదీ మొదలు జూలై 31వ తేదీ వరకు కుక్కను రెండు మీటర్లకు మించని త్రాటితో పట్టుకొని పోవలెను. అది నేలపై గూళ్లు కట్టు పక్షులు గ్రుడ్లు పెట్టు కాలము. రౌతులకును ధర్మమున్నది. నడచువారు కనబడగానే దౌడు మాని నడకకు దిగవలెను. ఒకరు తమకొరకు ఆగినప్పుడు చేయెత్తి కృతజ్ఞత తెలుపవలెను. గుఱ్ఱము ఎత్తునుండి చూచువానికి క్రిందివాని భయము తెలియదు. తెలిసికొనుట అతని పని.

మూడు తెగలవారును ఒకే బాటపై పోవలెనన్న బాట నిర్మాణమును తగినట్లుండవలెను. కాలిబాటపై కంచె వచ్చినచోట దానిమీదుగా దాటుటకు కొయ్యమెట్లు అమర్తురు. వాటిని మనిషి ఎక్కిదిగగలడు; గుఱ్ఱమునకును, సైకిలునకును అది గోడతో సమానము. కళ్లెపుబాటపై అట్టి మెట్లు పనికిరావు, తలుపు ఉండవలెను. ఆ తలుపు వెడల్పు అయిదడుగులకు తగ్గరాదని చట్టము. గుఱ్ఱము దిగకుండ జీనుపైనుండియే తీయుటకు వీలుగా గడియకు పొడుగైన పిడి పెట్టుదురు. ఇంతకంటె ముఖ్యమైన నియమము ఇంకొకటి: మూసియున్న తలుపును మూసియే పోవలెను, తీసియున్నదానిని తీసియే ఉంచవలెను. ఏలయనగా ఆ తలుపు వెనుక ఒక రైతు గొఱ్ఱెలు ఉండవచ్చును. లేక గొఱ్ఱెలు నీటికి పోవు దారి ఉండవచ్చును.

నేల స్వభావము మరియొక చిక్కు. చిల్టర్న్ కొండల అడుగున సుద్దరాయి, పైన చెకుముకిరాళ్లతో కూడిన బంకమన్ను ఉన్నవి. శీతకాలపు వానలకు ఆ బంకమన్ను నాని పిండివలె మెత్తబడును. అప్పుడు గుఱ్ఱపు గిట్ట గుంటలు త్రవ్వును. సైకిలు చక్రము చాలు తీయును. ఆ చాలులో నీరు పారి వాగు అగును. బాట చెడగానే నడచువారు బురద తప్పించుకొనుటకై ప్రక్కనున్న గడ్డిమీదికి పోవుదురు. బాట అట్లు రెండింతలు, మూడింతలు వెడల్పగును. ఆ ప్రక్కన బ్లూబెల్ మొక్కలున్నచో వాటి ఆకులు నలుగును. ఆకులు నలిగిన మొక్క ఆహారము కూర్చుకొనలేక క్షీణించును. తిరిగి కోలుకొనుటకు ఏండ్లు పట్టును. చూడవచ్చినవారి పాదములచేతనే చూడదగినది నశించుట ఇట్లే. దీనికి మందు బాటపై నుండుటయే. బురదయైనను నడుమనే పోవలెను. తడి నెలలలో గుఱ్ఱమును, సైకిలును గట్టినేల బాటలకు మరల్చుట ఉత్తమము.

ఇంతవరకు చెప్పినది హక్కుగా కలిగిన బాటలను గూర్చి. ఇవి గాక ఎస్టేటులలో యజమాని దయతో విడిచిన బాటలు కొన్ని కలవు. అవి అనుమతి బాటలు. వాటిపై సాధారణముగా తెల్లని బాణమును వేయుదురు. యజమాని వాటిని చెట్లు కొట్టు కాలమున మూయవచ్చును. గొఱ్ఱెలు ఈను కాలమున మూయవచ్చును. ఇష్టము మారినచో బొత్తిగా తీసివేయవచ్చును. అనుమతి వలన వాడుచున్న బాట ఎన్ని యేండ్లు గడచినను హక్కుగా మారదు. కొందరు యజమానులు ఆ సంగతి గుర్తుండుటకై సంవత్సరమునకు ఒక్క దినము తలుపు మూయుదురు. రెండు కళ్లెపుబాటలను కలుపు చిన్నముక్క పలుమార్లు ఇట్టి అనుమతి బాటయే అయియుండును. ఒక సైకిలువాని దుడుకుతనము వలననో, ఒక కుక్క చేసిన గొఱ్ఱెల హత్య వలననో ఆ ముక్క మూతబడినచో, తప్పు చేసినవారితోపాటు మిగిలిన అందరికిని అక్కడ దారి తెగును.

ఈ బాటల విలువ గ్రహించుటకు వాటిని పొందుటకై జరిగిన ప్రయత్నమును కూడ తలచుకొనవలెను. 1932 ఏప్రిల్ 24వ తేదీన, ఉత్తరమున కిండర్ స్కౌట్ అను కొండపైకి కొన్ని వందలమంది కార్మిక యువకులు సామూహికముగా నడచిరి. అది డెవన్‌షైర్ డ్యూకు పక్షుల వేటకై కాపాడుకొనుచుండిన బీడు. కావలివారితో పెనుగులాట జరిగెను. అయిదుగురు యువకులకు కారాగారశిక్ష పడెను. ఆ కొండను 1982లో నేషనల్ ట్రస్టు పొందెను. 2002లో, ఆ సంఘటనకు 70 సంవత్సరములు నిండినప్పుడు, పదునొకండవ డ్యూకు ఆ కొండ చెంతకు వచ్చి, తన తాతగారి కాలమున జరిగిన దానికి సభాముఖమున క్షమాపణ చెప్పెను.

అంతకు రెండు సంవత్సరములకు ముందు, 2000లో, పార్లమెంటు కొండలు, బీళ్లు, మందబయళ్లలో బాట విడిచి కూడ తిరుగు హక్కును ఇచ్చుచు చట్టము చేసెను. ఐతే ఆ క్రొత్త హక్కు కాలినడకకు మాత్రమే. గుఱ్ఱమునకు, సైకిలునకు దానివలన ఒరిగినది లేదు. స్కాట్లండు మార్గము వేరు. అక్కడ 2003 నాటి భూసంస్కరణ చట్టము, బాధ్యతతో మెలగుదురను షరతుపై, నడచువారికి, సైకిలువారికి, రౌతులకు సమముగా హక్కు ఇచ్చినది. ఇంగ్లండులో మాత్రము నేటికిని హక్కుబాటల మొత్తము పొడవులో రౌతులకును సైకిలువారికిని తెరచినది ఇంచుమించు అయిదింట ఒక వంతే. రిడ్జ్‌వే అను 87 మైళ్ల పురాతన మార్గము దీనికి చక్కని దృష్టాంతము. దాని తూర్పు కొస ఆష్‌రిడ్జ్ ఎస్టేటులోని ఐవింగో బీకన్ అను గుట్టపై ముగియును. థేమ్సు నదికి పడమటి భాగమున ముగ్గురును పోవచ్చును. తూర్పు భాగమున అధికదూరము కాలిబాటయే. ఒకే మార్గము, నదికి ఈవల ఒక న్యాయము, ఆవల ఒక న్యాయము!

కావున కళ్లెపుబాటలలో త్రొక్కిడి ఎక్కువ. అక్కడ చోటు దొరకని రౌతు మోటారు కార్లు పరుగెత్తు రోడ్డుపైకి పోవలెను. సైకిలు నేర్చుకొను పసివాడును అక్కడికే పోవలెను. ఇరుకైన పల్లెరోడ్డుపై గంటకు 60 మైళ్ల వేగముతో వచ్చు కారు ముందు గుఱ్ఱము నిలుచుట ఎంత ప్రమాదమో చెప్పనవసరము లేదు. 2022లో సవరించిన రహదారి నియమావళి, గుఱ్ఱమును దాటు కారు గంటకు 10 మైళ్లకు లోబడి, కనీసము రెండు మీటర్ల ఎడమున పోవలెనని చెప్పినది. ఆ నియమము అవసరమైనదంటేనే అపాయము ఎంతటిదో తెలియును. అడవిలోని కళ్లెపుబాట ఈ అపాయమునుండి తలదాచుకొను చోటు. అక్కడ ఒకరినొకరు తరిమికొన్నచో వారు పోవలసినది ఆ రోడ్డుపైకే.

మన ఇండ్లనుండి చదువులకును, ఉద్యోగములకును ఇంగ్లండు పోయిన పిల్లలు నేడు అనేకులు. సెలవుదినమున సైకిళ్లు అద్దెకు తీసికొని ఇట్టి ఎస్టేటులను చూడబోవుట వారికి వినోదము. వారికి మీరు వ్రాయునప్పుడో, మాటలాడునప్పుడో ఈ అయిదు సంగతులు చెప్పుడు. బాణపు రంగు చూచి బాట ఎన్నుకొనవలెను. నడచువారికి, గుఱ్ఱమునకు దారి విడువవలెను. ముందు నోటితో పలుకరింపవలెను. తలుపును ఉన్నట్లే ఉంచవలెను. బురదయైనను బాట విడువరాదు. ఈ అయిదును తెలిసినవానిని ఆ దేశపు పల్లెటూరివారు పరదేశిగా చూడరు.

మన దేశమున పరిస్థితి వేరు. జమీందారీ ఎస్టేటులు మన ప్రాంతమున 1948 నాటి చట్టముచే రద్దయినవి. హైదరాబాదులో చిరాన్ పాలెసు చుట్టునున్న తోట 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానవనమై, ప్రతి ఉదయము నగరవాసుల నడకకు నెలవైనది. కాని ఊరూరను ఉన్న పుంతలు, డొంకలు మన అసలైన ఉమ్మడి బాటలు. గ్రామపటమున వాటి వెడల్పు స్పష్టముగా గీచియుండును. ఏటేట దున్నునప్పుడు ఇరుప్రక్కల రైతులును ఒక్కొక్క చాలు లోనికి జరిగినచో, పటముమీద రెండు బండ్లు తప్పుకొను దారి నేలమీద ఒక మనిషి ఒదిగి నడచు గట్టుగా మిగులును. బెర్కమ్‌స్టెడ్‌లో కంచె ఒక్క రాత్రిలో కనబడినది గనుక ఒక్క రాత్రిలో పెరుకగలిగిరి. చాలు వెంబడి చాలుగా జరుగు ఆక్రమణను ఎవ్వరును ఒక్క రాత్రిలో చూడరు. వేసవిలో పొలములు ఖాళీగా ఉన్నప్పుడు ఊరివారు నలుగురు గ్రామపటము చేతబట్టుకొని తమ పుంత పొడవునా ఒకసారి నడచి, దాని వెడల్పు కొలిచి చూచుకొనుట మంచిది.